అక్క జడకి తగిన లెన్సు

పోయినవాటి లెక్క ముందు చెప్పేస్తాను. పద్దెనిమిది-యాభై అయిదు లెన్సు ఒకటి. దాని ముందు మూత ఒకటి. గాజు మీద గీతలు పడకుండా రెండు వందల యాభై పెట్టి బిగించిన ఫిల్టరు ఒకటి. ఎండ సూటిగా పడకుండా చుట్టూ తొడిగే నల్ల ప్లాస్టిక్ గొట్టం ఒకటి. తుడుచుకునే మెత్తటి గుడ్డ ఒకటి. ఎడమ కాలి చెప్పు ఒకటి. కుడి కాలిది మిగిలింది గాని, ఒంటి చెప్పు మిగిలినా పోయినట్టే కాబట్టి దాన్నీ ఇందులోనే కలిపాను. వెరసి ఏడు శాల్తీలు. సఖినేటిపల్లి నుంచి నరసాపురం వచ్చే పంటు మీద, ఒడ్డు ఇంకా ఇరవై గజాలు ఉందనగా, గోదావరిలో కలిశాయి. పట్టిన సమయం నాలుగు సెకన్లు.

పంటు అంటే మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ కార్లనీ ఒకే బల్ల మీద నిలబెట్టి ఏరు దాటించే పడవ. దాని మీద ఒక అలవాటుంది. అవతలి ఒడ్డు కనబడితే చాలు, ఇంకా నీళ్లలో ఉండగానే అందరూ బళ్లు స్టార్టు చేసేస్తారు. ముందు దిగినవాడికి ఏమిస్తారో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను లెన్సు ఊడదీసి మా బండి సీటు మీద నిలబెట్టాను. కెమెరాను బోర్లా పట్టుకుని లోపలి దుమ్ము ఊదుతున్నాను. అలా బోర్లించి ఊదాలని ఇంటర్నెట్టులో ఒకాయన చెప్పాడు. పంటు మీద ఊదమని ఆయన చెప్పలేదు, అది నా సొంత తెలివి. వెనకాయన బండి స్టార్టు చేసి అర గజం ముందుకు జరిపాడు. ఆయన ముందు చక్రం మా వెనక చక్రాన్ని ముద్దుపెట్టుకుంది. లెన్సు సీటు మీంచి బల్ల మీద పడి, గుండ్రటి వస్తువు కాబట్టి దొర్లి, నేను వెనకాలే పరుగెత్తి చెప్పు జారవిడుచుకునేలోగా నీళ్లలోకి దిగిపోయింది.

మా ఆవిడ హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని అంతా చూసింది.

"ఎంత బరువుంటుందండి అది?" అని అడిగింది.

"రెండు వందల గ్రాములు."

"లోడు బరువా, ఖాళీ బరువా?"

ఆ వెటకారం నా ఉద్యోగం మీద. మండపేటలో ఒక రైస్ మిల్లు దగ్గర వేబ్రిడ్జి మీద కూర్చుంటాను నేను. లారీ ధాన్యంతో ఎక్కినప్పుడు ఒక బరువు, దింపాక ఖాళీగా ఎక్కినప్పుడు ఒక బరువు, రెండింటికీ తేడా ధాన్యం. చదివింది పదో తరగతి. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండా వచ్చాయి, ఇక పోలేదు.

దుమ్ము అన్నాను గాని అది దుమ్ము కూడా కాదు, తవుడు. మా వైపు చెమ్మకి లెన్సుల్లో బూజు పడుతుందని ఎవరో చెబితే, తడిసిన ఫోను బియ్యంలో పెట్టమంటారు కదా, ఆ లెక్కనే కెమెరాను నాలుగు నెలలు బియ్యం డ్రమ్ములో దాచాను. మిల్లులో పనిచేసేవాడికి బియ్యానికి తక్కువేంటి. చెమ్మ పోయిందో లేదో తెలియదు. తవుడు మాత్రం కెమెరాలో ఎన్ని సందులున్నాయో అన్నింట్లోకీ వెళ్లింది.

ఆ రోజు అవతల ఒక పెళ్లి చూసుకుని మేం వెళుతున్నది మొగల్తూరులో మా అక్క ఇంటికి. వెళ్లే పనే ఫోటో తీయడం. వెళ్లేసరికి అక్క పట్టుచీర కట్టుకుని, జడకి కొబ్బరినూనె రాసి, మూర మల్లెపూలు పెట్టుకుని, వీధి అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుంది. అప్పటికి ఆమెకు యాభై తొమ్మిది. జడ కుర్చీ మీంచి దిగి కిందికి వేలాడుతోంది. నెరిసింది గాని పలచబడలేదు.

నా చేతిలో కెమెరాను చూసి అడిగింది. "ఏరా, అది నోరు తెరుచుకుని ఉందేంటి?"

చెప్పాను. మా బావగారు లోపల్నించి వచ్చి నా కాళ్ల వంక చూశారు.

"బామ్మర్దీ, గోదాట్లో రూపాయి బిళ్లలు వేస్తారు గాని, లెన్సు వేసినవాణ్ణి నిన్నే చూడ్డం."

అక్క నవ్వలేదు. ఆమెకు నవ్వేంత తీరిక లేదు. అంతకు ముందు సంక్రాంతి దాటాక బావగారికి గుండెలో స్టెంటు వేశారు. ఆపరేషను గది బయట కూర్చుని అక్క తిరుపతి వెంకన్నకి తలనీలాలు మొక్కుకుంది. బావగారి మాటల్లో చెప్పాలంటే, స్టెంటు ఆయనకి, కోత మా అక్కకి. మే నెల ఇరవయ్యో తారీకుకి రైలు టికెట్లు కూడా ఖాయమయ్యాయి.

జుట్టు ఇవ్వడానికి ఆమెకు బాధ లేదు. ఇచ్చేలోగా జడతో ఒక్క మంచి ఫోటో కావాలి, అంతే. ఇంతకాలం మోసినా జడ కనబడే ఫోటో ఒక్కటీ లేదు. పెళ్లి ఫోటోల్లో దాన్ని పూలజడ కప్పేసింది. ఆ తరువాతివన్నీ రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం. వాటికి ముందు నుంచే తీస్తారు, జడ వెనకాల ఉంటుంది. స్టూడియోకి వెళ్లనంది. కిందటిసారి స్టూడియో వాడు ముఖానికి సున్నం వేసి, వెనక మంచు కొండలు పెట్టి ఇచ్చాడు. మొగల్తూరులో మంచేంటని ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అడిగారట. ఫోనుతో వద్దంది, అందులో ముఖం సబ్బుతో కడిగినట్టు వస్తుందని. తమ్ముడి దగ్గర కెమెరా ఉంది. తమ్ముడు లెక్క తప్పడు. కాబట్టి తమ్ముడే తీయాలి.

"ఇరవయ్యో తారీకు దాకా నాకు జుట్టుంటుంది. ఈలోగా ఇంకో లెన్సు తెచ్చుకో," అంది.

ముప్పై ఎనిమిది రోజులుంది. ముప్పై ఎనిమిది రోజుల్లో మిల్లు కడతారు, నేను లెన్సు కొనలేనా అనుకున్నాను.

ఇంకొకరైతే పోయినలాంటిదే ఇంకోటి కొనేవాళ్లు. నాకు అలా చేతకాదు. పోయింది కాబట్టి, అసలు నాకు కావలసింది ఏదో మొదటి నుంచి తేల్చుకోవచ్చు కదా. లెన్సు మీద మిల్లీమీటర్లలో ఉండే అంకెల సంగతి చాలా తేలిక. చిన్న అంకె దగ్గర పెడితే వీధి మొత్తం పడుతుంది. పెద్ద అంకెకు తిప్పేకొద్దీ వీధి పోయి ఇల్లు, ఇల్లు పోయి గుమ్మం, గుమ్మం పోయి గుమ్మంలో మనిషి మిగులుతారు. ఏ ఫోటో ఏ అంకె దగ్గర తీశామో ఆ ఫోటోలోనే నమోదై ఉంటుంది. నేను రెండేళ్లలో తీసినవి రెండు వేల మూడు వందల పద్నాలుగు. ఒక్కొక్కటీ తెరిచి, అంకె చూసి, కాగితం మీద గీత పెట్టుకుంటూ వెళ్లాను. మూడు ఆదివారాలు పట్టింది.

పద్దెనిమిది దగ్గర ఎనిమిది వందల ఎనభై ఆరు. యాభై అయిదు దగ్గర వెయ్యిన్ని తొంభై నాలుగు. మధ్యలో ఉన్న అంకెలన్నిటికీ కలిపి మూడు వందల ముప్పై నాలుగు. అంటే నేను లెన్సును అయితే ఈ చివరికి, లేకపోతే ఆ చివరికి తిప్పేసి తీస్తున్నానన్నమాట. వెయ్యిన్ని తొంభై నాలుగింటిలో ఎక్కువ భాగం చేలల్లో కొంగలు. యాభై అయిదు చాలక ఆగిపోయానని, ఇంకా దూరం లాగే లెన్సు కావాలని దీన్నిబట్టి రుజువైంది.

మా ఆవిడ కాగితం చూసింది.

"ఇన్ని కొంగలు తీశారు. ఒక్కదాన్నైనా కొంగ అని పోల్చుకోగలమాండి?"

"అందుకే పెద్ద లెన్సు."

"మీ అక్కేం చేలో నిలబడదు కదండి. అరుగు మీదే కూర్చుంటుంది."

ఆ మాట నేను పట్టించుకోలేదు. ఆమె దగ్గర అంకెలు లేవు.

మర్నాడు మిల్లులో సెలవు పెట్టి రాజమండ్రి వెళ్లాను. పాత కెమెరాలు బాగుచేసి అమ్మే కొట్టు ఒకటుంది. ఆయన నాకన్నా పెద్దాయన. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని, అది కనబడటం లేదని వెతుక్కుంటూ ఉంటాడు. నా కాగితం ఆసాంతం చదివాడు.

"మూడు ఆదివారాలా అండి? కంప్యూటర్లో ఒక నిమిషంలో లెక్కేసి ఇస్తుందండి దీన్ని."

"చేత్తో వేస్తేనే నమ్మకమండి."

"పోనీలెండి. ఇంతకీ ఇప్పుడు ఏం తీయాలి?"

"మా అక్కని."

"ఎంత దూరంలో కూర్చుంటారు?"

"ఏడెనిమిది అడుగులు."

ఆయన సొరుగు లాగి పద్దెనిమిది-యాభై అయిదు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "నాలుగువేల అయిదొందలండి. ఇది చాలు. ఇంకో అయిదొందలు తగ్గించమన్నా తగ్గిస్తాను. ఇంట్లో, వీధిలో, పెళ్లిలో, రోజూ తీసుకోడానికి ఇంతకన్నా అక్కర్లేదు."

నేను టార్చి వేసి చూశాను. శుభ్రంగా ఉంది. పక్కనే పద్దెనిమిది-నూట ముప్పై అయిదు కూడా ఉంది, పదకొండు వేలు. దానిలో టార్చి వేస్తే మూలగా సాలెగూడు అల్లినట్టు బూజు కనిపించింది. అయితే అలాంటిదే మంచిది విజయవాడలో ఒకాయన పద్నాలుగు వేలకు పంపుతానన్నాడు, ఫోనులో ముందే మాట్లాడి ఉంచాను. అక్కడే నిలబడి లెక్క వేశాను. పద్దెనిమిది నుంచి యాభై అయిదు దాకా ముప్పై ఏడు మిల్లీమీటర్లు. నాలుగువేల అయిదొందలకి మిల్లీమీటరు నూట ఇరవై ఒక్క రూపాయి అరవై రెండు పైసలు పడుతుంది. పద్దెనిమిది నుంచి నూట ముప్పై అయిదు దాకా నూట పదిహేడు. పద్నాలుగు వేలకి మిల్లీమీటరు నూట పంతొమ్మిది రూపాయల అరవై ఆరు పైసలు. మిల్లీమీటరుకి రూపాయి తొంభై ఆరు పైసలు లాభం. కొట్టాయనకి చూపించాను.

ఆయన కళ్లజోడు దొరకబుచ్చుకుని, పెట్టుకుని, కాగితాన్ని కాకుండా నన్ను చూశాడు.

"ముప్పై ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నానండి. లెన్సు గజాల లెక్కన కొనేవాళ్లని మిమ్మల్నే చూశాను."

"అయిదొందలు తగ్గించి నాలుగువేలకి ఇస్తే మీ చిన్న లెన్సే చవక కదండి అప్పుడు," అని నన్ను నేనే సరిదిద్దుకోవలసింది. మిల్లీమీటరు నూట ఎనిమిదికి వచ్చేది. ఆ లెక్క బస్సులో రావులపాలెం దాటాక తట్టింది. రాజమండ్రి నుంచి మండపేటకి రావులపాలెం దారి కాదు. ఆలోచనలో పడి తప్పు బస్సు ఎక్కాను.

ఏమైతేనేం, విజయవాడ ఆయనకి డబ్బు పంపాను. పదమూడో తారీకుకి కొరియరు వస్తుంది. ఇరవైకి ఇంకా ఏడు రోజులు చేతిలో ఉంటాయి. రైలు టికెట్లు ఖాయం, కొరియరు ఖాయం. అక్కకి ఫోను చేసి, పదిహేడున వస్తున్నాను, నూనె రాసుకుని ఉండమని చెప్పాను.

నా లెక్కలో లేనిది బావగారి పెదనాన్న.

ఆయనకి తొంభై ఒకటి. పదకొండో తారీకు సాయంత్రం అక్క ఫోను చేసింది. అప్పుడు నేను వేబ్రిడ్జి మీద ఉన్నాను. దాళ్వా మాసూళ్లు, అంటే రెండో పంట కోతలు, ముమ్మరంగా ఉన్నాయి, వెనక పద్నాలుగు లారీలు.

"పెద్ద మామగారికి ఆయాసం ఎక్కువైందిరా. భీమవరం ఆస్పత్రిలో పెట్టారు. డాక్టరు ఇవాళో రేపో అంటున్నాడు. మేం రేపు తెల్లారి వెళ్లి మొక్కు తీర్చేసుకుంటాం."

నాకు మొదట అర్థం కాలేదు. ఆయనకి ఆయాసమైతే వీళ్లకి గుండెందుకు, కాదు, గుండు ఎందుకు. బావగారు ఫోను తీసుకుని విడమరిచి చెప్పారు. ఆయన పోతే వీళ్లకి పదకొండు రోజులు మైల. ఆ పైన ఏడాది దాకా కొండ మీద గుళ్లకి వెళ్లకూడదని వాళ్ల ఇంటి ఆచారం. స్టెంటు వేయించుకుని మొక్కు ఏడాది బాకీ పెట్టడానికి ఆయనకి ధైర్యం చాలలేదు. కాబట్టి పెద్దాయన ఉండగానే వెళ్లి రావాలి.

"తిరుపతి రైలు ఇరవైకి కదా బావగారూ," అన్నాను.

"చిన్న తిరుపతి వెళతాం. కారులో రెండున్నర గంటలు. పెద్ద తిరుపతి మొక్కు చిన్న తిరుపతిలో చెల్లుతుంది. చిన్న తిరుపతి మొక్కు పెద్ద తిరుపతిలో చెల్లదు. తెలీదేంటి నీకు?"

తెలుసు. మా రెండు జిల్లాల్లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. దేవుడి దగ్గర ఈ మారకం ఒకవైపే జరుగుతుందని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. మిల్లీమీటరుకి పైసలతో సహా లెక్క కట్టినవాణ్ణి, దీన్ని కట్టలేదు.

"ఒక్క రెండు రోజులు ఆగండి. కొరియరు ఎల్లుండి వచ్చేస్తుంది."

"నేను ఆగుతాను బామ్మర్దీ. మా పెదనాన్న ఆగాలి కదా."

రాజమండ్రి కొట్టుకి ఫోను చేశాను. ఆ చిన్న లెన్సు కోసం వెంటనే మనిషిని పంపుతానన్నాను. "అది నిన్ననే పోయిందండి, పెళ్లిళ్లు తీసే ఆయన పట్టుకెళ్లారు," అన్నాడు. ఆ తరువాత ఏదో అనబోయి మానేశాడు. మంచివాడు. వెనక పద్నాలుగు లారీలు పదిహేడయ్యాయి. డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు. మళ్లీ అక్కకి చేశాను.

"పోనీ ఫోనుతోనే తీసుకోండి. బావగారిని తీయమను."

"సర్లేరా. నువ్వు బండ్లు తూచుకో," అంది. కోపంగా అని ఉంటే బాగుండేది.

మర్నాడు పదిన్నరకి బావగారు మూడు ఫోటోలు పంపారు. ఒకదాంట్లో అక్క ముఖం ఉంది, ఎదురుగా తీశారు కాబట్టి జడ లేదు. రెండోదాంట్లో జడ ఉంది, ముఖం లేదు. మూడోదాంట్లో బావగారి బొటనవేలు ఉంది. కింద మెసేజి. "మొక్కు తీరింది. పెదనాన్నకి ఆయాసం తగ్గింది. ఇడ్లీ తిన్నాడు."

పదమూడున లెన్సు వచ్చింది. చెప్పిన రోజుకి, చెప్పినట్టుగా. ఒక్క గీత లేదు.

పదిహేడున మొగల్తూరు వెళ్లాం. వెళ్లకపోతే ఇంకా బాగోదని మా ఆవిడ లాక్కెళ్లింది. అక్క గుండుకి గంధం రాసుకుని, అదే పట్టుచీర కట్టుకుని, అదే అరుగు మీదకి వచ్చింది. కూర్చునేముందు కుడిచెయ్యి మెడ వెనక్కి వెళ్లింది. యాభై ఏళ్ల అలవాటు, జడ కుర్చీకీ వీపుకీ మధ్య నలగకుండా ముందుకి వేసుకోవడానికి. చెయ్యి ఖాళీగా తిరిగొచ్చింది. దాన్ని ఏం చేయాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది. నేను ఆ కాసేపూ కెమెరాలో ఏదో సరిచేస్తున్నట్టు నటించాను.

"తియ్యరా. ఇంతదూరం వచ్చావు కదా," అంది.

తీశాను. బావగారు వెనక నుంచి "మా ఆవిడ ఇప్పుడు మఠాధిపతిలా ఉంది, కాళ్లకి దణ్ణం పెట్టాలేమో," అన్నారు. అక్క తల తిప్పకుండానే "పెట్టండి, పుణ్యం వస్తుంది," అని నవ్వింది. ఆ నవ్వు మీద ఇంకోటి తీశాను. నేను తీసిన ఫోటోలన్నిట్లోకీ అది బాగా వచ్చింది. గంధం ఆరి చెక్కులు కట్టడం కూడా కనబడుతుంది.

అక్క దాన్ని చాలాసేపు చూసింది. "బాగానే ఉందిరా. ఇది నువ్వు నాకిచ్చిన ఫోటో. నేనడిగింది మాత్రం బాకీ."

ఇంటికొచ్చి ఆ ఫోటో ఏ అంకె దగ్గర తీశానో చూశాను. యాభై రెండు. పాత లెన్సుకే మూడు మిల్లీమీటర్లు మిగిలేవి. మా ఆవిడకి ఆ సంగతి చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

పెద్దాయన ఇప్పటికీ ఉన్నారు. తొంభై మూడు నడుస్తోంది. భీమవరం డాక్టరు బదిలీ అయిపోయాడు, ఈయన ఉన్నారు. నన్ను చూసినప్పుడల్లా, కొంగల ఫోటోలు ఏమైనా తెచ్చావా అబ్బాయ్ అని అడుగుతారు. ఆయన ఆయుష్షు మీద నాకు పట్టింపేమీ లేదు. ఆ రెండు రోజులు మాత్రం గాభరా పెట్టకుండా ఉండవలసింది.

అక్క నన్ను వదల్లేదు. జడ మళ్లీ అంతైనప్పుడు ఫోటో తీయాలంది. జడ పొడవెంతో బావగారికి తెలుసు. తలనీలాలకి కూర్చోబోయే ముందు అక్కే టేపు పెట్టి కొలిపించిందట, తమ్ముడు అడుగుతాడని. ముప్పై నాలుగు అంగుళాలు. జుట్టు నెలకి అరంగుళం పెరుగుతుందని పుస్తకాల్లో ఉంటుంది. ఆ లెక్కన అరవై ఎనిమిది నెలలు. అరవై ఏళ్ల జుట్టు పుస్తకాలు చదవదు. నెల తప్పించి నెల వెళ్లి స్కేలు పెట్టి కొలుస్తున్నాను. పంతొమ్మిది నెలలకి ఎనిమిదింపావు వచ్చింది. ఈ వేగం తగ్గకపోతే ఇంకో అయిదేళ్లు పడుతుంది.

"అప్పటికి నాకు అరవై ఆరురా. ఊడకుండా ఉంటుందంటావా?" అంది మొన్న, నేను స్కేలు పట్టుకుని వెనకాల నిలబడి ఉండగా.

"కదలకక్కా, లెక్క తప్పుతుంది," అన్నాను.

ముప్పై నాలుగులో ఎనిమిదింపావు పోగా, ఈ రోజుకి నేను మా అక్కకి ఇంకా బాకీ పడి ఉన్నది ఇరవై అయిదు ముప్పావు అంగుళాలు.